పిట్టకు పెట్టని ముద్ద

రేణుకక్కకు,

నీ తమ్ముడు సైదులు, మనాలి దాటి ఇంకా ఎంతో పైన మంచు కొండల నడుమ కూర్చుని, నీకూ బావకూ దండాలు పెట్టి రాస్తున్నది.

ముందు మంచి మాట చెబుతాను. నేను బాగున్నాను. కాళ్లూ చేతులూ వేళ్లూ అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ముక్కు మీద తోలు ఊడింది, మళ్లీ వచ్చింది, మళ్లీ ఊడింది, అంతే. నువ్వూ బావా నా చిన్న కోడలూ బాగున్నారని తలుస్తున్నాను. మేళ్లచెరువులో ఎండలు తగ్గాయా? సిమెంటు దుమ్ముకు చిన్నదానికి దగ్గు వస్తుందన్నావు, తగ్గిందా? బావ రాత్రిపూట లారీ నడపడం తగ్గించుకున్నాడా? అమ్మ మోకాళ్ల నొప్పికి కోదాడ దవాఖానాలో ఇచ్చిన గోళీలు వేసుకుంటుందా, దిండు కింద దాస్తుందా? దిండు ఎత్తి చూడు. ఎడమ కాల్వకు నీళ్లు వదిలారని ఎవరో అన్నారు, నిజమేనా? వదిలితే వేములపల్లి దిక్కు నాట్లు అయిపోయే ఉంటాయి.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఇక్కడ సిగ్నల్ లేదు. కిందికి దిగి చేద్దామంటే నువ్వు ఫోన్ ఎత్తగానే స్పీకర్ పెడతావు. అమ్మ వింటుంది, పక్కింటివాళ్లు వింటారు, బావతో లారీ మీద పోయే క్లీనర్ కూడా విని "ఏం సైదులన్నా" అని పలకరిస్తాడు. ఈసారి చెప్పేది అట్లా చెప్పేది కాదు. ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువుకో. అమ్మకు మాత్రం వాడు బాగున్నాడు, బువ్వ తింటున్నాడు అని చెప్పు. మనాలిలో హోటల్‌లో వంట చేస్తున్నానని ఆమెకు చెప్పింది నువ్వే. ఆ హోటల్‌కు గోడలు లేవనీ, పైకప్పు గుడ్డదనీ ఆమెకు తెలియాల్సిన పని లేదు.

నీకు కూడా నా పని సంగతి ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. రోడ్డు ఆగిపోయిన ఊళ్లో కంచరగాడిదల మీద సామాను వేసుకుని రెండు రోజులు నడిస్తే మా బేస్ క్యాంపు వస్తుంది. వాగు పక్కన కాస్త చదును, చుట్టూ రాళ్లు, రంగురంగుల డేరాలు, మధ్యలో నా వంట డేరా. కొండ ఎక్కాలని సరదాపడి వచ్చినవాళ్లను గైడ్లు కొంత పైకి తీసుకుపోయి కిందికి తెస్తారు. మర్నాడు ఇంకొంచెం పైకి తీసుకుపోయి మళ్లీ కిందికి తెస్తారు. ఒక్కసారే ఎక్కితే గాలి చాలక తల పగిలిపోతుంది, ఊపిరితిత్తుల్లోకి నీరు వస్తుంది. నాయిన కొత్త పొట్టేలును మందలో ఎట్లా మెల్లమెల్లగా కలిపేవాడో అట్లా, ఒంటిని ఆ ఎత్తుకు మచ్చిక చేయాలి. ఆ తర్వాత బూట్లకు ఇనుప ముళ్లు కట్టుకుని, నడుముకు తాడు వేసుకుని శిఖరానికి పోతారు.

నేను పోను. పొమ్మన్నా పోను. దూరపు కొండలు నునుపు అన్నవాడెవడో గానీ ఒకసారి దగ్గరికి పోయి చూసే అని ఉంటాడు. నా పని కిందనే. తెలుగువాళ్ల గుంపులు వస్తాయి కనుక పప్పుచారు పెట్టేవాడొకడు కావాలని సూర్యాపేట బస్టాండు దగ్గరి హోటల్ నుంచి ఈ కొండలెక్కించే కంపెనీవాళ్లు నన్ను తెచ్చుకున్నారు. ఇక్కడ నీళ్లు తొందరగా తెర్లుతాయి కానీ వాటిలో వేడి ఉండదు, మన ఊరి కొందరు పెద్దమనుషుల మాటల్లాగా. ఎసరు ఎంత తెర్లినా బియ్యం బియ్యంగానే ఉంటుంది. కుక్కర్‌లో పెట్టి, మూత మీద కన్నేసి కూర్చుంటే తప్ప అన్నం కాదు. చలి సంగతి రాయను. రాస్తే నువ్వు స్వెటర్ అల్లడం మొదలుపెడతావు, పోయినసారి అల్లినదానికి ఒక చెయ్యి పొడుగు.

నా అలవాటు ఒకటి నీకు తెలుసు. అన్నం దించగానే అమ్మ మొదటి ముద్ద గోడ మీద కాకికి పెట్టేది కదా, నాకూ అదే వచ్చింది. ఎక్కడ వండినా చెయ్యి దానంతట అదే పోతుంది. సూర్యాపేటలో హోటల్ వెనక గోడ మీద పెట్టేవాణ్ణి. ఇక్కడ వంట డేరా వెనక ఒక బల్లపరుపు రాయి ఉంది, దాని మీద పెడతాను. ఇక్కడి కాకులు వేరే. ఒళ్లంతా నలుపే కానీ ముక్కు పసుపు, కాళ్లు ఎరుపు, పెళ్లికి తయారైనట్టు ఉంటాయి. మనిషి ఊపిరి పీల్చలేని చోట అవి ఆడుకుంటాయి.

ఈ నెల మొదట్లో వచ్చిన గుంపులో సంతోష్ అని మిర్యాలగూడ పిల్లవాడు వచ్చాడు. వాళ్లది బియ్యం దుకాణం. అందరూ బ్యాగుల్లో చాక్లెట్లూ ఎండు పండ్లూ తెచ్చుకుంటే ఇతను వాళ్ల దుకాణం నుంచి సన్నబియ్యం మూట తెచ్చాడు. కంచరగాడిద మీద నుంచి దాన్ని తానే దించుకుని నా డేరాలోకి వచ్చాడు.

"సైదులన్నా, మీది ఏ ఊరు?" అన్నాడు.

"వేములపల్లి దిక్కు."

"అరె! మీ దిక్కు వడ్లే మా దుకాణంల బియ్యమైతయి. మీ ఊరి బియ్యం మీకే తెచ్చిన. జర మంచిగ వండు."

అక్కా, నాలుగు నెలల తర్వాత మన దిక్కు మాట వింటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ రోజు నుంచి మేమిద్దరం ఒక జట్టు. అందరూ నిద్ర బ్యాగుల్లో ముడుచుకుంటే ఇతను పొయ్యి దగ్గరికి వచ్చి కూర్చునేవాడు. వాళ్ల లలితక్క గురించి చెప్పేవాడు. తల్లి చిన్నప్పుడే పోతే ఆమే పెంచిందట. పెళ్లయ్యాక కూడా ఆ ఊళ్లోనే ఉండి పొద్దునొకసారి మాపొకసారి దుకాణానికి వచ్చి వీడు తిన్నాడా లేదా అని చూసి పోతుందట. కొండ ఎక్కుతానంటే, "మన ఇంట్ల మేడ మెట్లెక్కనీకే ఆయాసపడ్తవ్, నువ్వెక్కుడేంది" అందట. నేను రాయి మీద ముద్ద పెడుతుంటే చూసి నవ్వేవాడు. "ఏందన్నా, ఈ కాకులకు మా దుకాణం బియ్యం అలవాటు చేస్తున్నవ్, రేపు మేం పోయినంక ఇవి రొట్టె ముడ్తయా?" అనేవాడు.

శిఖరానికి పోయిన రోజు పొద్దున ఎండ బాగా కాసింది. మా లీడర్ రిగ్జిన్ ఈ కొండల్లోనే పుట్టినవాడు, మాట తక్కువ, ఆకాశం చూసి అన్నీ చెబుతాడు. ఆ రోజు పై క్యాంపు నుంచి అందర్నీ తనే నడిపించాడు. నేను కింద వాళ్లు దిగొచ్చేసరికి తినడానికని పప్పుచారు పెట్టాను. మధ్యాహ్నం పక్కన పెట్టుకున్న వాకీటాకీలో ఒక్కసారిగా అరుపులు మొదలయ్యాయి. వాళ్లు వాళ్ల భాషలో అరుస్తున్నారు, నాకు ఒక్క మాట అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, దిగేటప్పుడు కొండ మీద కొత్తగా పడిన మంచు ఒక పొరలా విరిగి జారిందట. ముందున్నవాళ్లు బతికారు. చివర్లో ఉన్న గైడూ సంతోషూ దాంట్లో కొట్టుకుపోయారు. గైడు కాలు విరిగి బయటపడ్డాడు. సంతోష్ కనిపించలేదు.

గరిటె పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. పైన ఉన్నవాళ్లు తవ్వుతున్నారు, నేను కింద పొయ్యి మంట తగ్గిస్తున్నాను, పెంచుతున్నాను. ఇంకేం చేయాలో తెలియలేదు.

రెస్క్యూ వాళ్లు వచ్చి పొడుగాటి కడ్డీలతో మంచును గుచ్చి గుచ్చి వెతికారు. హెలికాప్టర్ ఒకసారి వచ్చి తిరిగిపోయింది. మళ్లీ మంచు పడింది, వెతికిన చోటు ఏదో వెతకని చోటు ఏదో తెలియకుండా కప్పేసింది. గుంపులో మిగిలినవాళ్లనూ కాలు విరిగిన గైడునూ కిందికి దించేశారు. క్యాంపులో రిగ్జిన్, ఇద్దరు గైడ్లు, నేను మిగిలాం. ఎవరికీ తిండి మీద ధ్యాస లేదు. నూడుల్సు ఉడకబెట్టడం, రొట్టె కాల్చడం తప్ప నేను అన్నమే వండలేదు.

అప్పుడు వచ్చింది లలితక్క. కంపెనీవాళ్లు కింది ఊళ్లోనే ఉండమన్నారట. వినకుండా కంచరగాడిద మీద ఎక్కి, భయమేసి దిగి, మిగతా దారంతా తోక పట్టుకుని నడిచి వచ్చింది. ఒంటి మీద వాళ్ల ఆయన స్వెటర్, దాని మీద శాలువ, కాళ్లకు కొత్తగా కొన్న బూట్లు, అప్పటికే మడమలు పుండ్లయ్యాయి. నీ ఈడుదే ఉంటుంది. చేతిలో ఒక సంచి, అందులో సంతోష్ కోసం ఉన్ని మేజోళ్లు, ఒక డబ్బాలో కారప్పూస. "వాడు ఒచ్చేసరికి బట్టలన్నీ తడిసి ఉంటయి గద" అంది.

ఆమెకు హిందీ అంతంత మాత్రం. రిగ్జిన్‌కు తెలుగు రాదు. మధ్యలో నేను. వంట చేయడానికి వచ్చినవాణ్ణి, ఇద్దరి మాటా మోయాల్సిన పని నా నెత్తిన పడింది. రిగ్జిన్ ఆమె ఎదురుగా కూర్చుని మెల్లగా హిందీలో చెప్పాడు, "వాతావరణం తెరిపిస్తే ఇంకొకసారి పైకి పోయి చూస్తాం. కానీ ఇన్ని రోజుల తర్వాత మంచు కింద మనిషి బతికి ఉండడు. ఆశ పెట్టుకోవద్దని చెప్పు."

ఆమె నా నోటివైపు చూసింది. "ఏమన్నడు తమ్మీ?"

అక్కా, తమ్మీ అన్నది. "ఆకాశం జర తెరిపిస్తే మళ్లొకసారి పోయి సూస్తమంటున్నడక్కా" అన్నాను. ముందు సగం చెప్పి వెనక సగం మింగాను. రిగ్జిన్ ఆమె మొహం చూశాడు, నా మొహం చూశాడు. అతనికి తెలిసిపోయింది.

ఇంటి దగ్గర వాళ్ల ఆయనా చుట్టాలూ పదో రోజుకల్లా వచ్చెయ్యి, పంతులును పిలుద్దాం అన్నారట. ఆమె వాళ్లతో పోట్లాడి వచ్చింది. "కండ్లతోని సూడకుంట ఎట్ల జేస్తరు? పిట్టకు పెట్టినంక వాడు లేసొస్తే ఏ మొకం పెట్టుకొని బువ్వ పెడ్తరు?" అని నన్ను అడిగింది. నేను వంకాయలు తరుగుతున్నట్టు తల వంచుకున్నాను. అక్కడ వంకాయలు లేవు.

ఆమె రొట్టె ముట్టలేదు. వచ్చిన రోజు తినలేదు, మర్నాడూ టీ తప్ప ఏమీ తీసుకోలేదు. ఆ తెల్లారి నాకు భయమేసింది. ఈ ఎత్తులో కడుపు ఖాళీగా పెట్టుకుంటే ఆమెను కూడా మోసుకుపోవాల్సి వస్తుంది. మన మనిషి, అన్నం చూస్తే తింటుందని సంతోష్ బియ్యం మూట విప్పాను. కుక్కర్ పెట్టాను. వాడికి ఇష్టమని వాడు ఉన్నన్ని రోజులు పెట్టిన పప్పుచారే మళ్లీ పెట్టాను. అన్నం దించాను, మూత తీశాను, ఆవిరిలో మన ఇంటి వాసన వచ్చింది. చెయ్యి దానంతట అదే ముద్ద చేసింది. దాని మీద ఇంత పప్పుచారు పోసి, డేరా వెనక్కు పోయి రాయి మీద పెట్టాను.

నాకు రోజుల లెక్క లేదక్కా, ఒట్టు. ఆమెకు ఉంది. ఆ రోజు పదో రోజు.

నేను రాయి నుంచి నాలుగడుగులు వెనక్కి వేశానో లేదో పసుపు ముక్కు కాకి దిగి ముద్ద ఎత్తుకుంది. అదే సమయానికి ఆమె ముఖం కడుక్కోవడానికి వాగు దిక్కు పోతూ అక్కడికి వచ్చింది. అన్నం చూసింది, పప్పుచారు చూసింది, పిట్టను చూసింది, దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డ నన్ను చూసింది.

"ఎవరు పెట్టమన్నరు నిన్ను?"

"అక్కా, రోజూ పెట్టే..."

"నా తమ్ముడు సచ్చిండని నీకెవరు జెప్పిండ్రు? నువ్వెవనివిరా పెట్టనీకి? వానికి అన్నవా, తమ్మునివా?" అని అరుస్తూ రాయి తీసుకుని కాకి మీదికి విసిరింది. అది ఎగిరిపోయింది. మిగిలిన మెతుకులు ఆమె గోళ్లతో రాయి మీద నుంచి గీకి గీకి తీసి శాలువ కొంగులో వేసుకుంది. రిగ్జిన్ పరుగెత్తుకుని వచ్చాడు. గైడ్లు వచ్చారు. ఏమైందని నన్ను అడిగారు. పిట్టకు ఇంత అన్నం పెడితే ఒక మనిషి అంతగా ఎందుకు ఏడుస్తుందో వాళ్లకు నేనేమని చెప్పేది? చెప్పడానికి హిందీలో నాకు మాటలు దొరకలేదు. ఇంత పెద్ద కొండల్లో ఆ ముద్దకు అర్థం తెలిసినవాళ్లం మేమిద్దరమే. తెలిసిన ఇద్దరిలో ఒకరు పెట్టారు, ఒకరు చూశారు.

నాయిన పదో రోజు నీకు గుర్తుందా? కూర పెట్టినా, కల్లు పోసినా, బీడీ వెలిగించి పెట్టినా కాకి ముట్టలేదు. చెట్టు మీద కూర్చుని చూస్తూ ఉంది. పెద్దలందరూ ఏదేదో చెప్పి మొక్కారు. ఆఖరికి నువ్వు ముందుకు పోయి "తమ్ముణ్ణి నేను సూస్కుంట నాయినా" అన్నావు, అప్పుడు దిగి ముట్టింది. పోయినవాళ్లకు మిగిలిపోయిన ఆశ తీరుస్తామని మాట ఇస్తే గానీ ముట్టదంటారు కదా. ఇక్కడ ఎవరూ ఏ మాటా ఇవ్వలేదు. అది వచ్చి టక్కున ఎత్తుకుంది.

సాయంత్రం ఆమె నన్ను డేరా దగ్గరికి పిలిచింది. నేను లోపలికి పోకుండా బయటే కింద కూర్చున్నాను. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది.

"ఒక్క మాట గూడ అడగకుంట ముట్టింది సూడు" అంది. "ఇంత పెంచిన. పోయేటప్పుడు నాతోని వానికి ఏం పని లేదా తమ్మీ? ఒక్కటన్న అడగాలె గద."

"అక్కా, అది ఇక్కడి పిట్ట. రోజూ పెడ్త, రోజూ తింటది. దానికి మన లెక్క తెల్వదు. నీ తమ్ముడే నవ్వేటోడు, కాకులకు మా బియ్యం అలవాటు చేస్తున్నవని." అదే మళ్లీ మళ్లీ చెప్పాను.

"వాడు గట్లన్నడా?" అని ఇంకోసారి చెప్పించుకుంది. తర్వాత అడిగింది, "మొన్న ఆ సారు చానాసేపు మాట్లాడిండు. నువ్వు నాకు ఇంతే జెప్పినవ్. మిగిలింది ఏంది?"

ఇక మింగలేకపోయాను. చెప్పేశాను. మంచు కింద ఎవరూ ఇన్ని రోజులు ఉండరన్నాడని, ఆశ పెట్టుకోవద్దన్నాడని. నన్ను తిడుతుంది, కొడుతుంది అనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె "సరే" అంది. నా మోచేతిని పట్టుకుని అట్లాగే కూర్చుంది. నేను కదలలేదు. చలికి నా కాళ్లు మొద్దుబారిపోయాయి, అయినా కదలలేదు.

ఆకాశం తెరిపి ఇవ్వనే లేదు. రోజూ పొద్దున్నే రిగ్జిన్ బయటికి వచ్చి పైకి చూస్తాడు, మేమందరం రిగ్జిన్ మొహం చూస్తాం, అతను తల అడ్డంగా ఊపుతాడు. ఒకరోజు గైడ్లు మొండిగా బయల్దేరారు. నడుం లోతు మంచులో కొంతదూరం పోయి, పైనుంచి ఇంకో పొర విరిగే సూచన కనబడి వెనక్కి వచ్చేశారు. లలితక్కే వాళ్లను చూసి, "ఇగ పోకుండ్రి బిడ్డా, మీకు గూడ అక్కలుంటరు" అంది. అది హిందీలో చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఇంకో పెద్ద మంచు పడితే కిందికి దారి మూసుకుపోతుందని, ఆమెను దింపేయాలని రిగ్జిన్ అన్నాడు. ఈసారి మాట మాటా చెప్పాను.

నిన్న పొద్దున ఆమె దిగిపోయింది. రిగ్జిన్ తానే తీసుకుపోయాడు. పోయేముందు సంతోష్ డేరాలో ఉన్ని మేజోళ్లూ కారప్పూస డబ్బా పెట్టి జిప్పు వేసింది. "గీ డేరా ఆఖర్న విప్పుండ్రి" అంది. బియ్యం మూట ఏం చేయమంటావని అడిగాను, తీసుకుపోతుందేమోనని.

"తినుండ్రి. వాడు తినమనే తెచ్చిండు." రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చింది. "కని తమ్మీ, బయట పెట్టకు. నువ్వు గీడ ఉన్నన్ని దినాలు ఒక్క మెతుకు గూడ పిట్టకు పెట్టకు. నేను ఇంటికాడ పెట్టనియ్య, నువ్వు గీడ పెట్టకు. మొన్నటిది నేను లెక్కల పట్టలే."

"పెట్టనక్కా" అన్నాను.

"మీ అక్కకు ఫోన్ చెయ్యి. దినాం చెయ్యి" అంది.

కనుమ మలుపు తిరిగేదాకా చూశాను. ఆమె వెనక్కి తిరిగి నా వైపు చూడలేదు, కొండ వైపు చూసింది. ఆమె ఇంటికి పోయి ఇంకా పోట్లాడాలి. చుట్టాలతో, పంతులుతో, వచ్చే ఏడాది సంవత్సరీకం అంటూ అడిగేవాళ్లతో, ఆఖరికి తనతో తాను కూడా. నేను ఆమెకు ఏమీ చేయలేకపోయాను. కొండ ఎక్కలేను, మంచు తవ్వలేను, బాధ తగ్గేటట్టు ఒక మాట చెప్పలేను. వచ్చిందే వంట, ఆ వంటతోనే ఆమె గుండె కోశాను. ఇట్లాంటి పని ఇంకెవరు చేస్తారు చెప్పు? మన దిక్కువాడు తప్ప ఇంకెవరు వండినా ఆమెకు ఆ దుఃఖం ఉండకపోయేది.

ఈ రోజు క్యాంపు మొత్తం విప్పేశాం. ఆమె చెప్పినట్టే ఆ డేరా ఆఖర్న విప్పాం. మేజోళ్లూ డబ్బా నా సంచిలో పెట్టుకున్నాను, ఆమెకు ఎట్లా పంపాలో బావను అడిగి చెప్పు. మీరున్న చోటి నుంచి మిర్యాలగూడ దూరం కాదు కదా, లారీ అటు పోయినప్పుడు బావ ఇచ్చి రాగలడేమో. నాకు చింతపండు, గుంటూరు కారం కావాలని రాద్దామనుకున్నాను, ఇప్పుడు వద్దులే, అవి తినే మనసు లేదు.

మధ్యాహ్నం చివరి వంట చేశాను. ఇద్దరు గైడ్లకూ నాకూ అని కుక్కర్‌లో సంతోష్ బియ్యమే పెట్టాను. వాళ్లు సామాను కట్టే తొందరలో నాలుగు ముద్దలు తిని లేచిపోయారు, సగం కుక్కర్ మిగిలింది. మిగిలింది ఇన్నాళ్లూ ఏం చేసేవాణ్ణో ఆ కాకులకు బాగా తెలుసు. డేరా లేదు, గోడ లేదు, నా చుట్టూ రాళ్ల మీద దిగి కూర్చున్నాయి. ఒకటి కుక్కర్ దగ్గరిదాకా నడిచి వచ్చింది. గరిటెతో అదిలించాను. పోయినట్టే పోయి మళ్లీ వచ్చింది. వాగులో వేద్దామంటే రాళ్ల మధ్య మెతుకులు ఆగిపోతాయి, అవి ఏరుకుంటాయి. పూడ్చేద్దామంటే నేల గడ్డకట్టి పార దిగలేదు.

కుక్కర్ ఒళ్లో పెట్టుకుని కూర్చుని నేనే తిన్నాను అక్కా. కడుపు నిండింది, ఇంకా తిన్నాను. చల్లబడి గట్టిపడింది, అయినా తిన్నాను. గైడ్లు నన్ను చూసి ఆకలి అంత ఉందా అని నవ్వారు. గోకి గోకి అడుగున మాడింది కూడా తిన్నాను. వేళ్లు నాకి, కుక్కర్ నీళ్లతో కడిగి ఆ నీళ్లు కూడా తాగేశాను. కాకులు అప్పటిదాకా చూసి, ఏమీ దొరకక లేచిపోయాయి.

ఈ రాత్రికి సామాను మీద కప్పిన టార్పాలిన్ కిందే పడుకుని రేపు దిగుతాం. కింది ఊళ్లో ఈ ఉత్తరం పోస్టు చేసి, సిగ్నల్ ఉన్నచోట నీకు ఫోన్ చేస్తాను. అప్పుడు స్పీకర్ పెట్టకు. నేను ఏమీ మాట్లాడకపోయినా పెట్టెయ్యకు, కాసేపు అట్లాగే ఉండు.

అమ్మకు నా దండాలు చెప్పు. గోడ మీద ముద్ద పెట్టడం మానమని మాత్రం ఆమెకు చెప్పకు, పెట్టుకోనీ. బావకు దండాలు, చిన్నదానికి ముద్దులు, మన దిక్కు పెద్దలందరికీ అడిగినట్టు చెప్పు. నాయిన పదో రోజు నువ్విచ్చిన మాట ఇప్పటిదాకా నిలబెట్టుకున్నావు. నేను ఇచ్చిన మాట కూడా నిలబడాలని నన్ను దీవించు. ఆమె కోసం నేను చేయగలిగింది ఆ ఒక్కటే.

నీ దీవెన కోరుతూ,
నీ చేతి బువ్వ తిని పెరిగిన తమ్ముడు,
సైదులు